మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఆట పిలుస్తోంది: 47 ఏళ్ళకి మళ్ళీ బాస్కెట్‌బాల్ ఆడొచ్చా?

ప్రశ్న:

నా వయసు 47. కాలేజీ టీములో నాలుగేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడాను. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆట ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు గానీ, లెక్కేస్తే పద్దెనిమిదేళ్ళు అయింది. చూడటం మాత్రం మానలేదు. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో, టిమ్ డంకన్ రోజుల నుంచీ శాన్ ఆంటోనియో స్పర్స్ అభిమానిని. యోకిచ్ ఆట చూశాక డెన్వర్ నగ్గెట్స్ కూడా నా టీమే అయిపోయింది. ఇప్పుడు స్పర్స్‌లో వెంబన్యామా ఆడుతుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు. రెండు నెలల క్రితం పాత స్నేహితులతో ఆదివారం ఆదివారం ఆడటం మొదలుపెట్టాను. ఫుల్ కోర్టు, రెండు గంటలు. ఆడుతున్నంతసేపూ ఏమీ తెలియదు. సోమవారం పొద్దున మంచం దిగగానే మోకాలి చిప్ప కిందుగా, ముందువైపు పట్టేసినట్టు ఉంటుంది. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. బుధవారానికి తగ్గుతుంది, ఆదివారం మళ్ళీ మామూలే. వాపు లేదు. ఎక్స్‌రే తీయిస్తే వయసుతో వచ్చే అరుగుదల కొద్దిగా ఉందన్నారు. బరువు కాలేజీ రోజుల కన్నా 11 కిలోలు ఎక్కువ. "ఇక చాలు, టీవీలో చూసుకోండి" అంటోంది మా ఆవిడ. 2025 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు) టేటమ్, హాలిబర్టన్ గాయపడి పడిపోవడం చూసినప్పటి నుంచి నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. మానేయమంటారా? ఆడితే ఉన్న మోకాళ్ళు కూడా అరిగిపోతాయా?

సమాధానం:

మానేయకండి. అలాగని వచ్చే ఆదివారం వెళ్ళకండి కూడా. ఈ రెండు మాటలకీ మధ్య పన్నెండు వారాల పని ఉంది. ఆ పని చేస్తే మీరు ఆడగలరు, సోమవారం పొద్దున రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగగలరు అని మీరు రాసిన లక్షణాలను బట్టి నాకు అనిపిస్తోంది.

నేను డాక్టర్ని కాను. పాతికేళ్ళకు పైగా పిల్లలకి, పెద్దలకి బాస్కెట్‌బాల్ నేర్పిన కోచ్‌ని. ఇప్పుడు నాకు 54. వారానికి రెండుసార్లు ఆడుతున్నాను. మధ్యలో ఎనిమిదేళ్ళు ఆపి, మీలాగే ఒక ఆదివారం నేరుగా కోర్టులోకి దిగి, మూడో వారంలో పిక్క చీల్చుకుని ఆరు వారాలు కుంటినవాణ్ణి. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు ఆ "అరుగుదల" సంగతి చూద్దాం. ఈ మాట చాలామంది చేత ఆట మాన్పించింది. అది వినగానే మన కళ్ళ ముందు కారు టైరు మెదులుతుంది. ఎంత తిరిగితే అంత అరుగుతుంది, ఇక వాడకపోతేనే మిగులుతుంది అనుకుంటాం. టైరుకి ప్రాణం లేదు. మోకాలికి ఉంది. ఎముకల చివర్లో ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. బరువు పడి నొక్కుకున్నప్పుడు, బరువు తీసేసి వదులైనప్పుడు, కీలులోని ద్రవం దానిలోకి వెళ్ళి వస్తూ ఉంటుంది. దానికి తిండి అందేది అలాగే. కదలని మోకాలికి ఆ తిండి సరిగా అందదు. పైగా నలభై దాటినవాళ్ళలో, జన్మలో మోకాలి నొప్పి ఎరగనివాళ్ళ ఎక్స్‌రేల్లో కూడా ఇలాంటి మార్పులు కనిపిస్తూనే ఉంటాయి. మీ ఎక్స్‌రే మీ వయసు చెప్పింది. మీ నొప్పికి కారణం అదేనని దాన్నిబట్టి చెప్పలేం.

మీరు నొప్పి చెప్పిన చోటు చూస్తే నాకు ముందు అనుమానం వచ్చేది టెండన్ మీద. మోకాలి చిప్పని కింది ఎముకతో కలిపే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. దూకిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ లాగుడంతా దానిమీదే. ఆటగాళ్ళు ఈ నొప్పిని "జంపర్స్ నీ" (దూకేవాళ్ళ మోకాలు) అంటారు. ఆడుతున్నప్పుడు వేడెక్కి ఊరుకోవడం, మర్నాడు పొద్దున పగబట్టినట్టు పట్టేయడం దాని లక్షణం. చిప్ప వెనకాల నుంచి వచ్చే నొప్పి కూడా మెట్లు దిగేటప్పుడు ఇలాగే బాధిస్తుంది. రెండిట్లో ఏదో ఫిజియోథెరపిస్టు చేత్తో నొక్కి చూసి చెప్పాలి. ఒక్కసారైనా చూపించుకోండి.

మీ లెక్క ఒకటి చెబుతాను. వారానికి 168 గంటలు. అందులో 166 గంటలు ఆ టెండన్‌ని మీరు ఏ పనీ అడగలేదు. మిగిలిన రెండు గంటల్లో పద్దెనిమిదేళ్ళ బాకీ మొత్తం ఒకేసారి వసూలు చేశారు. కాలేజీ రోజుల్లో అదే మోకాలు రోజూ రెండు గంటలు ఆడింది కదా అంటారేమో. రోజూ ఆడింది కాబట్టే ఆడగలిగింది. మోకాలికి ఎంత బలం ఉంది, మనం ఎంత అడుగుతున్నాం అన్న రెండిటి మధ్య దూరం పెరిగినప్పుడు నొప్పి పుడుతుంది. ఆ దూరాన్ని రెండు వైపుల నుంచీ తగ్గించాలి: బలం పెంచాలి, అడిగేది కొన్నాళ్ళు తగ్గించాలి. ఇక్కడ తిరకాసు ఏమిటంటే కండ కొన్ని వారాల్లోనే బలపడుతుంది, టెండన్‌కి నెలలు పడుతుంది. నాలుగో వారానికే "బాగైపోయింది" అనిపిస్తుంది. నమ్మకండి. కండ బాగైంది, టెండన్ ఇంకా దారిలో ఉంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని. నలభై దాటి, ఇన్నేళ్ళ గ్యాప్ తర్వాత పరుగెత్తే ఆటలోకి వస్తున్నారు కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గుండె ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఆడుతుండగా ఛాతీ బరువెక్కినా, మామూలుగా రాని ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి. మోకాలి విషయంలో అయితే, వాపు వచ్చినా, మడిచాక తెరుచుకోకుండా ఇరుక్కుపోయినా, నడుస్తుండగా ఉన్నట్టుండి కాలు వదిలేసినట్టు అయినా, వేడిగా ఎర్రగా మారినా వ్యాయామాలతో సరిపెట్టుకోకూడదు. ఇవేవీ మీరు రాయలేదు కాబట్టే ధైర్యంగా చెబుతున్నాను.

మొదటి మూడు వారాలు గోడ చాలు. వీపు గోడకి ఆనించి, పాదాలు ముందుకి పెట్టి, కుర్చీ లేని కుర్చీలో కూర్చున్నట్టు కిందికి జారండి. తొడలు నేలకి సమాంతరంగా రానక్కర్లేదు, నొప్పి పెరగనంత వరకు దిగితే చాలు. అక్కడ 45 సెకన్లు ఆగండి. రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా ఐదుసార్లు. ముప్పయ్యో సెకను దగ్గర తొడలు వణకడం మొదలవుతుంది, వణకనివ్వండి. కదలకుండా బరువు మోయడం ఇలాంటి టెండన్‌కి బాగా పడుతుంది. చాలామందికి నొప్పి కూడా కాస్త నెమ్మదిస్తుంది.

నాలుగో వారం నుంచి మెట్టు. ఈ వ్యాయామం అద్దం ముందు చేయాలి. ఎందుకో చెబుతాను. ఒక చిన్న మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకి తగిలీ తగలనట్టు మెల్లగా, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. అద్దంలో మీ మోకాలిని చూడండి. రెండో అంకె దగ్గర అది లోపలికి, అవతలి కాలి వైపు వాలిపోతుంటుంది. నడుం కూడా ఒకవైపు జారుతుంది. నా దగ్గరకి వచ్చిన పెద్దవాళ్ళలో చాలామందికి ఇలాగే జరిగింది, నాకూ జరిగింది. తప్పు మోకాలిది కాదు. తుంటి పక్కన ఉండే కండరాలు ఏళ్ళ తరబడి కుర్చీలో నిద్రపోయి, మోకాలిని నిటారుగా పట్టుకోవడం మర్చిపోయాయి. కోర్టులో రీబౌండ్ (రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి) కోసం ఎగిరి దిగిన ప్రతిసారీ మీ మోకాలు ఇలాగే లోపలికి వంగుతోందన్నమాట, కాకపోతే అక్కడ అద్దం లేదు. మోకాలిచిప్ప కాలి రెండో వేలికి సూటిగా ఉండేలా చూసుకుంటూ, ఒక్కో కాలికి పది చొప్పున మూడు విడతలు చేయండి. పక్కకి పడుకుని పై కాలిని ఎత్తి దించే వ్యాయామం కూడా దీనికి జత చేయండి. వారానికి మూడు రోజులు చాలు.

పిక్కల్ని మాత్రం మొదటి రోజు నుంచే పట్టించుకోండి. దీని గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మీ భయానికి జవాబు ఇక్కడే ఉంది. 2025 ప్లేఆఫ్స్‌లో లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురికీ తెగింది మోకాలు కాదు, మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్. హాలిబర్టన్ అప్పటికే పిక్క పట్టేసిన కాలితో ఫైనల్స్ ఆడుతున్నాడు, ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే ఆ కాలే పోయింది. మనలాగా నడివయసులో అప్పుడప్పుడు ఆడేవాళ్ళకి కూడా ఇది ఎక్కువగా వచ్చే దెబ్బే. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కాబట్టి పిక్కల కోసం మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. సగం సార్లు మోకాలు నిటారుగా ఉంచి, మిగతా సగం కొద్దిగా వంచి. ఒంటికాలి మీద ఆగకుండా 20 నుంచి 25 చేయగలిగినప్పుడు పరుగు గురించి ఆలోచిద్దాం. పిక్క పట్టేసినట్టున్న రోజు కోర్టు గడప తొక్కకండి. ఆ ఒక్క నియమం మాత్రం తప్పకుండా పాటించండి.

నొప్పి ఉంటే చేయొచ్చా అని అడుగుతారు. సున్నా నుంచి పది వరకు కొలత వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు వరకు ఉన్నా పర్లేదు, మర్నాటికి మామూలు స్థితికి వచ్చేయాలి. మర్నాడు పొద్దున మెట్లు దిగడం నిన్నటికన్నా కష్టమైతే, చేసింది ఎక్కువైందని అర్థం. మానేయనక్కర్లేదు, కాస్త తగ్గించండి. మీకు మీ మెట్లే మీటరు.

ఏడో వారం దాటాక దూకడం నేర్చుకోవాలి. ఎగరడం కన్నా దిగడం ముఖ్యం. కోచింగ్‌లో నేను ఒక పని చేసేవాణ్ణి. పిల్లల్ని చిన్న బల్ల మీద నుంచి దూకమని, నేను అటు తిరిగి నిలబడేవాణ్ణి. చూసేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. కొందరు దిగితే ధబ్బుమని చెక్క నేల అదిరేది. కొందరు దిగితే షూ అడుగు కీచుమన్న చిన్న చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ధబ్బుమన్న చప్పుడంటే తొడలు, పిరుదులు, పిక్కలు పంచుకోవాల్సిన బరువు ఒక్కసారిగా కీళ్ళ మీద పడిందని. చప్పుడు లేకుండా దిగమని చెబితే చాలు, మరేమీ వివరించకుండానే పిల్లలు మోకాళ్ళు వంచి, తుంటి వెనక్కి పెట్టి, ముందు పాదం మీద దిగడం మొదలుపెట్టేవారు. మీరూ అరచేతి ఎత్తు నుంచి మొదలుపెట్టి, మీ చప్పుడు మీరే వినండి. రెండు కాళ్ళ మీద దిగడం అలవాటయ్యేదాకా ఒంటికాలి జోలికి పోవద్దు.

తొమ్మిది, పది వారాలకి ఒక్కరే బంతి పట్టుకుని కోర్టుకి వెళ్ళండి. ఫ్రీ త్రోలు, రింగు దగ్గర నుంచి షాట్లు, మెల్లగా లేఅప్‌లు (రింగు వైపు వెళ్తూ దగ్గర నుంచి వేసే షాట్లు). ఆ తర్వాత స్నేహితులతో హాఫ్ కోర్టు, ఇరవై నిమిషాలు.

ఇక మీ టీము సంగతి. మీరు స్పర్స్ అభిమాని అని చదివినప్పుడు, మీకు కావలసిన పాఠం మీ దగ్గరే ఉందే అనుకున్నాను. 2000లో డంకన్‌కి ఎడమ మోకాలి మెనిస్కస్ (ఎముకల మధ్య దిండులా ఉండే మెత్తటి భాగం) చిరిగి ప్లేఆఫ్స్ ఆడలేకపోయాడు. అప్పటికి స్పర్స్ గెలిచింది ఒక్క టైటిలే, 1999లో. ఆ మోకాలితో అతను ఇంకో పదహారేళ్ళు ఆడి, ఇంకో నాలుగు టైటిళ్ళు గెలిచాడు. చివరి ఏళ్ళలో ఆ కాలికి నల్లటి పెద్ద బ్రేస్ కట్టుకుని కనిపించేవాడు, మీకు గుర్తుండే ఉంటుంది. బరువు తగ్గించుకున్నాడు. అప్పటి స్పర్స్ కోచ్ పొపొవిచ్ అతను ఆడే నిమిషాలు కోసేశాడు. 2012 మార్చిలో ఒక మ్యాచ్‌కి డంకన్‌ని కూర్చోబెట్టినప్పుడు, ఎందుకు ఆడలేదో రాసే చోట గాయం పేరు బదులు "ఓల్డ్" అని పడింది. అప్పటికి అతనికి 35. అదే ఏడాది నవంబరులో డంకన్, పార్కర్, జినోబిలీ, గ్రీన్‌లను మయామీ మ్యాచ్ ఆడించకుండా ఇంటికి పంపినందుకు లీగ్ స్పర్స్‌కి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయినా ఆ పద్ధతి మానలేదు. 2013-14 సీజన్లో స్పర్స్‌లో ఒక్క ఆటగాడు కూడా సగటున మ్యాచ్‌కి 30 నిమిషాలు ఆడలేదు. ఆ టీమే 62 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఓడించింది.

48 నిమిషాల ఆటలో, ప్రపంచంలోనే మేటి ఆటగాళ్ళని, చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉన్నవాళ్ళని సగటున 30 నిమిషాలు దాటనివ్వలేదు. మీరేమో ఆరు రోజులు కుర్చీలో ఉండి ఏడో రోజు 120 నిమిషాలు ఆడారు. ఎవరూ మిమ్మల్ని బెంచ్ మీద కూర్చోబెట్టలేదు, అంతే తేడా. మీకు మీరే పొపొవిచ్ కావాలి. ఆదివారం వెళ్ళేముందే ఎన్ని గేములు ఆడతారో స్నేహితుల్లో ఒకరికి చెప్పి ఉంచండి. లెక్క అవగానే ఆయన మిమ్మల్ని పిలవాలి. ఆట మధ్యలో మన నిర్ణయం మనం నిలబెట్టుకోలేం, "ఇంకొక్క గేమ్" అనేది చాలా బలమైన మాట. దెబ్బలు తగిలేది కూడా ఎక్కువగా ఆ ఇంకొక్క గేమ్‌లోనే, కాళ్ళు అలిసిపోయి చప్పుడు చేస్తూ దిగడం మొదలెట్టాకే. జినోబిలీ కెరీర్‌లో ఎక్కువ భాగం బెంచ్ మీద నుంచే వచ్చి ఆడాడని మీకు నేను చెప్పనక్కర్లేదు. 2008లో బెంచ్ నుంచి వచ్చే మేటి ఆటగాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు తీసుకున్నాడు, 40 ఏళ్ళ వయసులో కూడా ఆడాడు.

ఇక ఆట తీరు. ఫుల్ కోర్టు కొన్నాళ్ళు మర్చిపోండి. 28 మీటర్ల పొడవున అటూ ఇటూ పరుగులు, ఫాస్ట్ బ్రేక్‌లో పూర్తి వేగం మీద వెళ్ళి ఒక్కసారిగా ఆగడం, మీ టెండన్‌కి ఇంతకన్నా కష్టం పెట్టేది లేదు. ముగ్గురు ముగ్గురుగా హాఫ్ కోర్టు ఆడండి. దాన్ని తక్కువగా చూడకండి, టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ ఆట. పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు. ఒక గేమ్ ఎక్కడ ఆగాలో అందులోనే రాసి ఉంది. అయితే ఒక జాగ్రత్త: స్థలం తక్కువ కాబట్టి మలుపులు ఎక్కువ. కాలు నేలకి అతికించి మోకాలిని మెలితిప్పకండి, చిన్న చిన్న అడుగులతో తిరగండి.

మీరు వెంబన్యామాని చూసి కోర్టుకి వెళ్ళారు. ఆయన్ని చూసి ఆనందించండి, నేర్చుకోవడం మాత్రం యోకిచ్ దగ్గర. యోకిచ్ మూడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో మేటి ఆటగాడు), 2023లో డెన్వర్‌కి మొదటి టైటిల్ తెచ్చాడు, ఇదంతా నేల మీద నుంచి పెద్దగా ఎగరకుండానే. తర్వాతి మ్యాచ్ చూసేటప్పుడు ఒక క్వార్టర్ మొత్తం బంతిని వదిలేసి ఆయన పాదాలే చూడండి. బంతి రాకముందే ఎటు తిరగాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది. భుజంతో ఒక ఫేక్, ఎదుటివాడు గాల్లోకి లేచేదాకా ఆగడం, అతను దిగేలోపు చేతులెత్తి వేసేయడం. డంకన్ బోర్డుకి కొట్టి వేసే షాటూ అంతే, ఎత్తుతో పని లేదు, కోణం తెలిస్తే చాలు. డల్లాస్ ఆటగాడు నోవిట్స్కీ వెనక్కి వాలి వేసే షాట్ మాత్రం చూడటానికి సులువుగా ఉంటుంది గానీ ఒంటికాలి మీద లేచి వేయాలి, మనకొద్దు. స్క్రీన్ పెట్టండి (తోటివాడి కోసం ఎదుటివాడి దారికి అడ్డంగా నిలబడటం), బాక్స్ అవుట్ చేయండి (ఎదుటివాణ్ణి వీపుతో రింగుకి దూరంగా ఆపడం), రింగు వైపు దూసుకెళ్ళినవాడికి పాస్ ఇవ్వండి. ఎగిరి బ్లాక్ చేయాలనే కోరిక పూర్తిగా వదిలేయండి, చేతులు పైకెత్తి అడ్డుగా నిలబడితే చాలు. బయటకి పోతున్న బంతి వెనక పరుగెత్తకండి, పోనివ్వండి. మీ టీములో మీ పాస్ కోసం ఎదురుచూసే రోజు వస్తుంది, అప్పుడు ఎవరూ మీ జంప్ గురించి అడగరు.

మ్యాచ్‌లు చూడటం గురించి మీరు అడగలేదు, కానీ మీ మోకాళ్ళకి దానితోనూ సంబంధం ఉంది. ఒక ఎన్‌బీఏ మ్యాచ్ చూడటానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. అంతసేపు సోఫాలో మోకాళ్ళు మడిచి కూర్చుంటే చిప్ప వెనక ఒత్తిడి అలాగే ఉండిపోతుంది, లేచేటప్పుడు పట్టేస్తుంది. అందుకే కాళ్ళు చాపి, మడమలు ఎత్తు మీద పెట్టి చూడండి. ప్రతి టైమ్‌అవుట్‌కీ లేచి గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడవండి. క్వార్టర్ల మధ్యలో మడమలు ఎత్తి దించడం, హాఫ్‌టైమ్‌లో గోడ కుర్చీ పెట్టుకుంటే, 15 నిమిషాల్లో ఐదు విడతలూ అయిపోతాయి. వారానికి మూడు మ్యాచ్‌లు చూస్తారనుకుంటే ఆ వారం వ్యాయామం అక్కడే పూర్తయింది. ప్రసారం వేళ ఏదైనా సరే, నిద్ర మాత్రం పాడుచేసుకోకండి. నిద్ర తక్కువైన మర్నాడు ఆడే ఆటలో కాలు అనుకున్న చోట పడదు. అలాంటప్పుడు లైవ్ వదిలేసి, స్కోరు ఎవరూ చెప్పకుండా జాగ్రత్తపడి తర్వాత చూడటం మంచిది. నేను ఏళ్ళ తరబడి అలాగే చూస్తున్నాను.

మిగతావి క్లుప్తంగా. బరువు విషయంలో, మోకాలి కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పదకొండూ దిగాల్సిన పని లేదు, మూడు నాలుగు తగ్గినా మీకే తేడా తెలుస్తుంది. పాత షూ ఎక్కడో దాచి ఉంచితే బయట పడేయండి, ఏళ్ళు గడిస్తే అడుగు మెత్తదనం పోయి గట్టిపడుతుంది, బొటనవేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) వేసుకోండి, వెచ్చగా ధైర్యంగా ఉంటుంది, కానీ అది లోపలి బలానికి బదులు కాదు. సిమెంటు కోర్టు కన్నా చెక్క కోర్టు దొరికితే అక్కడే ఆడండి. ఆడే ముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం చేయకండి, మీ దగ్గరున్న ఒకే ఒక్క మీటర్ని మీరే ఆపేసినట్టవుతుంది. వార్మప్‌కి పావుగంట ఇవ్వండి, గేముకీ గేముకీ మధ్య కూర్చోకుండా అటూ ఇటూ నడవండి.

మీ ఆవిడ మాట గురించి. ఆవిడ ఆట వద్దనడం లేదనుకుంటాను. సోమవారం మీరు రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే చూడలేక అంటున్నారు. ఈ పన్నెండు వారాల సంగతి ఆవిడకి చెప్పండి. మెట్టు మీద దిగే వ్యాయామం చేసేటప్పుడు అద్దం కన్నా పక్కన మనిషి బాగా చూస్తారు. మోకాలు లోపలికి వాలితే చెప్పమనండి. బాగుపడటం ఆవిడ కళ్ళతో చూస్తే, ఆదివారం మీ బ్యాగు తలుపు దగ్గర పెట్టేది ఆవిడే కావచ్చు.

పన్నెండు వారాల తర్వాత వచ్చే మొదటి ఆదివారం రెండే గేములు ఆడండి, హాఫ్ కోర్టు. మీరు గెలుస్తున్నా సరే, రెండో గేమ్ అయ్యాక షూ విప్పేయండి, మళ్ళీ కట్టుకోబుద్ధి కాకుండా. మర్నాడు మెట్లు ఎలా దిగారో చూసుకుని, రెండు వారాలు అదే మోతాదు ఉంచి, అప్పుడు మూడో గేమ్ కలపండి. ఆ మొదటి సోమవారం పొద్దున రెయిలింగ్ మీద చెయ్యి పడిందో లేదో నాకు ఒక్క ముక్క రాయండి. పడితే మోతాదు ఎక్కడ తగ్గించాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.